50 ఎం.ఎం.కి తోడుగా ఫిల్మ్ కెమెరాకి ఏ జూమ్ కొనాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీ దగ్గర మాన్యువల్ ఫోకస్ ఎస్‌ఎల్‌ఆర్ (అద్దం సాయంతో లెన్స్‌లోంచే చూసే కెమెరా) ఉంది, దానితో వచ్చిన 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఉంది. ప్రయాణాల్లో మాటిమాటికీ లెన్స్ మార్చే ఓపిక లేక ఒక్క జూమ్ కొనాలనుకుంటున్నారు. మూడు మీ దృష్టిలో ఉన్నాయి: 35-70 ఎఫ్/3.5, 35-105 ఎఫ్/3.5-4.5, 28-80 ఎఫ్/3.5-5.6. మూడూ సెకండ్ హ్యాండ్‌వే. (ముందున్న జత ఫోకల్ లెంగ్త్ పరిధి, ఎం.ఎం.లో: చిన్న అంకె ఎక్కువ దృశ్యం పట్టే వైడ్ చివర, పెద్ద అంకె దూరాన్ని దగ్గర చేసే టెలీ చివర. ఎఫ్ నంబర్ చెప్పేది అపెర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం; నంబర్ చిన్నదైతే వెలుగు ఎక్కువ. రెండు ఎఫ్ నంబర్లుంటే మొదటిది వైడ్ చివరది, రెండోది టెలీ చివరది.) వీటిలో ఏది ఎక్కువ షార్ప్‌గా ఉంటుందని అడిగారు.

35-70 తీసుకోండి, లోపలి గ్లాస్ శుభ్రంగా ఉంటే. జవాబు ఇంతే. ఎందుకో చెప్పడానికి మాత్రం కాస్త పొడుగ్గా రాయాలి. షార్ప్‌నెస్ దగ్గర మొదలుపెట్టి వెతికితే ఎక్కువమంది తప్పు లెన్సే కొంటారు. నేనూ కొన్నాను, అదీ ఒకసారి కాదు.

ముందు వ్యూఫైండర్ సంగతి. డిజిటల్ నుంచి ఫిల్మ్‌కి వచ్చినవాళ్ళకి ఇది తట్టదు. మిర్రర్‌లెస్ కెమెరాలో ఎంత చీకటి లెన్స్ పెట్టినా స్క్రీన్ తనంతట తానే వెలుగు పెంచి చూపిస్తుంది. ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్‌కి ఆ దయ లేదు. లెన్స్‌లోంచి ఎంత వెలుగు వస్తే అంతే అద్దం మీద పడుతుంది, అంతే మీ కంటికి చేరుతుంది. మీ ఎఫ్/1.8 లెన్స్‌తో పోలిస్తే ఎఫ్/3.5 దగ్గర వచ్చేది దాదాపు నాలుగో వంతు వెలుగు. ఎఫ్/5.6 దగ్గర సుమారు పదో వంతు. మీ మూడో లెన్స్‌ని 80కి తిప్పారంటే మీరు చూసేది ఆ పదో వంతు వెలుగుతోనే.

చీకటిగా కనబడితే కనబడనీ, ఫోకస్ కుదిరితే చాలు అనుకుంటారేమో. అసలు చిక్కు అక్కడే. మీ కెమెరా స్క్రీన్ మధ్యలో గుండ్రంగా, సగానికి గీత ఉన్న స్ప్లిట్ ఇమేజ్ ఉండి ఉంటుంది. లెన్స్ వెనకభాగంలో ఇటు అంచు నుంచి, అటు అంచు నుంచి వచ్చే వెలుగుని విడదీసి చూపించడమే దాని పని. అపెర్చర్ చిన్నదైతే ఆ అంచుల నుంచి వెలుగు రాదు. ఒకసారి ఇలా చేసి చూడండి. సాయంత్రం, ఇంకా లైటు వేయని గదిలో, బల్ల మీద నిలబెట్టిన పుస్తకం వెన్ను మీద 50తో ఫోకస్ చేయండి. వెన్ను గీత తెగి, కదిలి, టక్కున అతుక్కుంటుంది. అదే పని ఎఫ్/5.6 లెన్స్‌తో చేయండి. గుండ్రంలో పై సగం నల్లగా మూసుకుపోతుంది. కన్ను వెంట్రుకవాసి జరిపితే పై సగం తెరుచుకుని కింది సగం మూసుకుంటుంది. రెండూ కలిపి ఎప్పుడూ కనబడవు. చుట్టూ ఉన్న మైక్రోప్రిజం (ఫోకస్ తప్పితే మెరిసే చిన్న పట్టకాల వలయం) మెరవడం మానేసి ముతక ఇసుకలా కనబడుతుంది. ఇక గరుకు గ్లాస్ మీద అంచనాతో ఫోకస్ చేసుకోవడమే. ఎఫ్/3.5 దగ్గర ఈ బెడద దాదాపు ఉండదు. ఎఫ్/4.5 దగ్గర పగటి వెలుగులో నడిచిపోతుంది, ఇంట్లో విసిగిస్తుంది.

ప్రపంచంలో అత్యంత షార్ప్ లెన్స్ మీ చేతిలో ఉన్నా ఫోకస్ కొంచెం ముందుకో వెనక్కో పడితే ఆ షార్ప్‌నెస్ ముక్కుకి దక్కుతుంది, కళ్ళకి కాదు. అందుకే మాన్యువల్ బాడీకి జూమ్ చూసేటప్పుడు నేను మొదట చదివేది లెన్స్ మీది రెండో ఎఫ్ నంబర్. ఎఫ్/3.5-5.6లో ఆ 3.5 అమ్మేవాడి కోసం, 5.6 మనకోసం.

రెండోది ఫిల్మ్ వేగం. రోల్ వేశాక 36 ఫ్రేములూ అదే ఐఎస్ఓ. కావాలంటే రోల్ మొత్తాన్ని పుష్ చేయొచ్చు (ఎక్కువ ఐఎస్ఓ అనుకుని తీసి, ఎక్కువసేపు డెవలప్ చేయడం), ఒక్క ఫ్రేమ్‌ని కాదు. రాత్రిపూట మామూలు లైట్లున్న గదిని 400 ఫిల్మ్‌తో తీస్తున్నారనుకోండి. ఎఫ్/2 దగ్గర 1/30 సెకను వస్తే, ఎఫ్/2.8 దగ్గర 1/15, ఎఫ్/4 దగ్గర 1/8, ఎఫ్/5.6 దగ్గర 1/4. చేత్తో పట్టుకుని 1/30 కష్టపడి తీయొచ్చు. 1/8 దగ్గర గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టినా ఎదుటి మనిషి కదలకుండా ఉండాలిగా. అంటే మీ మూడు జూమ్‌లలో ఏదీ రాత్రిపూట ఇంట్లో పనికిరాదు, ఆ పని మీ 50దే. జూమ్ కొన్నాక 50ని అమ్మేసే ఆలోచన ఉంటే మానుకోండి. అది చిన్నది, బ్యాగులో ఓ మూల పడుంటుంది.

35-105 అడిగేవాళ్ళంతా ఆ చివరి 105 కోసమే అడుగుతారు. లెక్క చూడండి. 70 దగ్గర చేత్తో తీయడానికి 1/60 చాలనుకుంటే 105 దగ్గర 1/125 కావాలి. అక్కడ ఒక స్టాప్, అంటే సగం వెలుగు, పోయింది. అపెర్చర్ 3.5 నుంచి 4.5కి తగ్గింది, అక్కడ ఇంకో మూడింట రెండు వంతుల స్టాప్ పోయింది. మొత్తం దాదాపు ఒకటిన్నర స్టాప్ పైనే. ఎండలో ఇది లెక్కలోకి రాదు. మబ్బు పట్టిందంటే 100 ఫిల్మ్‌తో 105 చివర మీరు వాడనే వాడరు.

అలాగని 105ని తీసిపారేయలేను. పోర్ట్రెయిట్‌లో వెనక భాగం ఎంత కరుగుతుందో అంచనాకి ఒక చిన్న లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబర్‌తో భాగించండి. ముఖం ఫ్రేములో అదే సైజులో ఉండేలా తీసినప్పుడు, దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ ఆ వచ్చిన అంకెతో పాటు పెరుగుతుంది. 70ని 3.5తో భాగిస్తే 20. 105ని 4.5తో భాగిస్తే 23. 80ని 5.6తో భాగిస్తే 14. మీ 50 ఎఫ్/1.8కి దాదాపు 28. అంటే నంబర్ చూసి 35-105ని తక్కువ అంచనా వేయకూడదు, ముఖాల దగ్గర అది 35-70 కంటే ఓ పిసరు ముందే ఉంది. మూడోది మాత్రం ఇక్కడ కూడా వెనకబడింది. ఇక మీ 50 ఈ మూడింటికీ అందదు.

మారే అపెర్చర్ గురించి చాలామందికి అనవసరమైన భయం ఉంది. కెమెరా లోపలి మీటర్‌తో తీసేవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. జూమ్ చేసినప్పుడు తగ్గిన వెలుగుని మీటర్ చూసుకుంటుంది. ఇబ్బందల్లా చేతి మీటర్ వాడేవాళ్ళకీ, మాన్యువల్ ఫ్లాష్ వాడేవాళ్ళకీ. రింగ్ మీద 8 పెట్టారు, లెన్స్ 35 దగ్గర ఉంటే అది ఎఫ్/8. అదే 105కి తిప్పితే రింగ్ కదలకుండానే అది దాదాపు ఎఫ్/10 అయిపోతుంది. కలర్ నెగటివ్‌కి ఆ తేడా దులిపేసుకునేంత. స్లైడ్ ఫిల్మ్‌కి మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. కొన్ని లెన్సుల మీద అపెర్చర్ రింగ్ దగ్గర రెండు రంగుల గుర్తులు ఉంటాయి, ఒకటి వైడ్ చివరకి, ఒకటి టెలీ చివరకి. అవి అలంకారానికి పెట్టినవి కావు.

ఇప్పుడు 35, 28 గొడవ. 35 ఎం.ఎం. చూసే కోణం మూల నుంచి మూలకి 63 డిగ్రీలు, 28ది 75 డిగ్రీలు. కాగితం మీద పన్నెండు డిగ్రీలే. ఇరుకు గదిలో గోడకి వీపు ఆనించి నిలబడినప్పుడు మాత్రం ఆ పన్నెండు డిగ్రీల్లో ఇద్దరు మనుషులు పడతారు. టెలీ వైపు తక్కువైతే రెండడుగులు ముందుకేయొచ్చు, లేదా ప్రింట్‌లో కత్తిరించుకోవచ్చు. వైడ్ తక్కువైతే గోడని వెనక్కి నెట్టలేం. కాబట్టి మీరు ఎక్కువగా కట్టడాలు, ఇరుకు వీధులు తీసేవాళ్ళయితే నా జవాబు కొంచెం మారుతుంది: జూమ్ 35-70నే ఉంచి, పక్కన చిన్న 28 ఎఫ్/2.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) పెట్టుకోండి. పాత మాన్యువల్ జూమ్‌లలో 28 దగ్గర మొదలయ్యేవి చాలావరకు అక్కడే బలహీనం. మూలలు మెత్తబడతాయి, గీతలు వంగుతాయి.

గీతలు వంగడం అనేది ఫిల్మ్‌లో వేరే సమస్య. డిజిటల్‌లో సాఫ్ట్‌వేర్ ఆ లెన్స్ పేరు చూసి దానంతట అదే సరిచేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు. నెగటివ్‌కి ఆ సదుపాయం లేదు. స్కాన్ చేశాక చేత్తో సరిచేసుకోవచ్చు గానీ, డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేస్తే, స్లైడ్ ప్రొజెక్ట్ చేస్తే లెన్స్ గీసిందే గీత. జూమ్‌లు సాధారణంగా వైడ్ చివర గీతల్ని పీపాలా బయటికి ఉబ్బిస్తాయి, టెలీ చివర లోపలికి లాగుతాయి, మధ్యలో ఎక్కడో సరిగ్గా ఉంటాయి. 35-70లలో ఆ మధ్య ప్రాంతం తరచుగా 45, 50 దగ్గర పడుతుంది. సముద్రపు గీత, తలుపు చట్రం ఫ్రేమ్ అంచుకి దగ్గరగా వస్తే కొంచెం జూమ్ చేసి కాస్త వెనక్కి జరగడం నాకు అలవాటైపోయింది.

జూమ్ అనే పేరుకే మచ్చ తెచ్చిన లెన్స్ ఒకటుంది. నికాన్ 43-86 ఎఫ్/3.5, 1963 నాటిది. అంతకు నాలుగేళ్ళ ముందు, 1959లో ఫోక్ట్‌లాండర్ జూమార్ 36-82 ఎఫ్/2.8 వచ్చింది. స్టిల్ కెమెరాకి మొదటి జూమ్ అదే. ఫిల్టర్ సైజు 95 ఎం.ఎం., దీన్నిబట్టి ఎంత దిట్టంగా ఉండేదో ఊహించుకోండి. నికాన్ 43-86 దానికి పూర్తిగా ఎదురు: చిన్నది, అందరికీ అందేది, 52 ఫిల్టర్‌తో సరిపెట్టుకునేది. బాగా అమ్ముడుపోయింది. కానీ ఒక చివర గీతలు ఉబ్బేవి, ఇంకో చివర కుంగేవి, ఎదురు వెలుగు తగిలితే ఫ్రేమ్ మొత్తం పాలిపోయేది. తర్వాత నికాన్ దాన్ని 9 గాజులకు బదులు 11 గాజులతో మళ్ళీ డిజైన్ చేసింది, అది మెరుగు. అయినా పాత పేరు పోలేదు. జూమ్ అంటే నాసిరకం అనే మాట ఇప్పటికీ వినబడుతోందంటే అందులో ఈ లెన్స్ వాటా పెద్దదే.

35-70లు ఎందుకు కుదురుకున్నాయో కూడా చెప్పాలి. 1973లో కెనాన్ ఎఫ్‌డి 35-70 ఎఫ్/2.8-3.5 వచ్చింది. ముందు వెలుగుని విరజిమ్మే గాజుల గుంపు ఒకటి, వెనక దగ్గరకు చేర్చే గుంపు ఒకటి, ఈ రెండింటి మధ్య దూరం మారితే ఫోకల్ లెంగ్త్ మారుతుంది. రెండే గుంపులు. రెట్టింపు జూమ్‌కే పరిమితమైతే ఈ పద్ధతిలో గాజులు తక్కువ సరిపోతాయి, లోపల వెలుగు అటూ ఇటూ తగిలే ఉపరితలాలూ తగ్గుతాయి. ఆ తర్వాత వచ్చిన మంచి 35-70లు చాలావాటికి మూలం ఈ ఆలోచనే. జూమ్ పరిధి మూడు రెట్లకు పెరిగితే గుంపులు పెరుగుతాయి, బరువు పెరుగుతుంది, ఎక్కడో ఒకచోట రాజీ పడాల్సి వస్తుంది.

ఈ రకం లెన్సుల్లో ఒక వింత గమనించే ఉంటారు: 35 దగ్గర గొట్టం బాగా బయటికొస్తుంది, 70 వైపు తిప్పితే పొట్టిదవుతుంది. మన బుర్ర దీనికి వ్యతిరేకంగా ఆశిస్తుంది. తర్వాతి తరం భారీ జూమ్‌లలో కెనాన్ 24-70 ఎఫ్/2.8ఎల్ (2002లో వచ్చినది), నికాన్ ఏఎఫ్-ఎస్ 28-70 ఎఫ్/2.8 (1999) ఈ గుణాన్ని తెలివిగా వాడుకున్నాయి. హుడ్‌ని (పక్క వెలుగుని ఆపే తొడుగు) కదలని గొట్టానికి తగిలించారు. టెలీకి తిప్పినప్పుడు ముందు గాజు లోపలికి పోతుంది, హుడ్ దానికి తగ్గట్టు లోతవుతుంది. ముందు గాజుకే తగిలించే మామూలు హుడ్ మాత్రం వైడ్ చివరకి సరిపోయేంత పొట్టిగానే ఉండాలి, టెలీ దగ్గర అది ఉన్నా లేనట్టే. నేనైతే ఎదురెండలో ఎడమ అరచేతిని లెన్స్ పైన గొడుగులా పట్టుకుంటాను. అప్పుడప్పుడు వేళ్ళు ఫ్రేములో పడతాయి.

మీ బాడీ ఏ మౌంటో (లెన్స్ బిగించే అమరిక) రాయలేదు కాబట్టి నాకు నమ్మకమున్నవి చెప్తాను. మినోల్టా ఎండి అయితే 35-70 ఎఫ్/3.5 కళ్ళు మూసుకుని తీసుకోండి. లైకా ఆర్ కెమెరాల వారియో-ఎల్మార్ 35-70 ఎఫ్/3.5కి ఆధారం మినోల్టా డిజైనే. మినోల్టా చివరి వెర్షన్‌లో మాక్రో (బాగా దగ్గర్నుంచి తీసే సదుపాయం) కూడా ఉంటుంది. కాంటాక్స్, యాషికా మౌంట్ అయితే జైస్ వారియో-సోనార్ 35-70 ఎఫ్/3.4. ఈ జాతిలో నేను వాడినవాటిలో అదే మేటి. ప్రైమ్‌తో పక్కపక్కన పెట్టి చూసి నేను తప్పు చెప్పాను, ఏది ఏదో గుర్తుపట్టలేక. ఒలింపస్ ఓఎంలో జాగ్రత్త: 35-70 అనే పేరుతోనే ఎఫ్/3.6, ఎఫ్/4, ఎఫ్/3.5-4.5 వేర్వేరు లెన్సులున్నాయి. ఎఫ్/3.6 పెద్దది, కావాల్సింది అదే. నికాన్‌లో ‘సిరీస్-E’ 36-72 ఎఫ్/3.5ని జనం పట్టించుకోరు. ఫిల్టర్ 52 ఎం.ఎం. కాబట్టి మీ 50కి కొన్నవే దీనికీ వస్తాయి. ఇంకొంచెం బరువు మోయగలిగితే ఏఎఫ్ 35-70 ఎఫ్/2.8, దానికి అపెర్చర్ రింగ్ ఉంది, పాత మాన్యువల్ బాడీల మీదా హాయిగా పనిచేస్తుంది.

105 కావాల్సిందే అని మీరు పట్టుబడితే పెంటాక్స్-ఏ 35-105 ఎఫ్/3.5, కెనాన్ న్యూ ఎఫ్‌డి 35-105 ఎఫ్/3.5 ఉన్నాయి. రెండూ చివరిదాకా ఎఫ్/3.5 నిలుపుతాయి. పెంటాక్స్ అభిమానులు తమదాన్ని ప్రైమ్‌ల దొంతర అని ముద్దుగా పిలుచుకుంటారు, ఆ మాటలో మరీ అతిశయోక్తి ఏమీ లేదు. కాకపోతే ఫిల్టర్లు పెంటాక్స్‌కి 67, కెనాన్‌కి 72. మెడలో వేసుకుని రోజంతా తిరిగితే సాయంత్రానికి ఆ అంకెలు మెడకి అర్థమవుతాయి. బాడీలు రకరకాలు ఉన్నవాళ్ళకి టామ్రాన్ ఎస్‌పి 35-80 ఎఫ్/2.8-3.8. దాని అడాప్టాల్-2 మౌంట్ విప్పి వేరేది బిగిస్తే ఇంకో కంపెనీ కెమెరాకి ఎక్కుతుంది.

మీ మూడో ఎంపికతో ఇంకో ప్రమాదం ఉంది. 28-80 ఎఫ్/3.5-5.6 అనే నంబర్లు ఎక్కువగా ఆటోఫోకస్ కాలపు కిట్ లెన్సులవి. ముందు అది మీ బాడీకి ఎక్కుతుందా? కెనాన్ ఎఫ్‌డి బాడీ మీద 1987లో వచ్చిన ఈఎఫ్ లెన్స్ ఎక్కదు. మినోల్టా పాత బాడీ మీద 1985 తర్వాతి ఆటోఫోకస్ లెన్స్ ఎక్కదు. నికాన్‌లో ఎక్కుతుంది, అయినా జి రకం అయితే అపెర్చర్ రింగే ఉండదు. ఎఫ్‌ఎం2 లాంటి బాడీకి తగిలిస్తే అపెర్చర్ అతి చిన్న సైజు దగ్గరే ఉండిపోతుంది. ఎక్కి కూర్చుంటుంది, బాగానే కనబడుతుంది, మొదటి రోల్ తీసుకొచ్చాక గానీ సంగతి తెలియదు. పైగా ఈ లెన్సుల ఫోకస్ రింగ్ మోటారు తిప్పడానికి చేసినది, సన్నగా, వదులుగా ఉంటుంది. వేలితో ముట్టుకుంటే చాలు, మీరు ఆపిన చోటు దాటిపోతుంది. ఆటోఫోకస్ ఫిల్మ్ బాడీ ఉన్నవాళ్ళకైతే అవే లెన్సులు తేలిగ్గా, ఎఫ్/8 దగ్గర చక్కగా పనిచేస్తాయి. వాళ్ళకి నేను ఇంకో మెట్టు పైన కెనాన్ ఈఎఫ్ 28-105 ఎఫ్/3.5-4.5 యూఎస్‌ఎం, నికాన్ ఏఎఫ్ 28-105 ఎఫ్/3.5-4.5డి చెప్తాను. నికాన్‌ది మాక్రోలో వస్తువుని ఫిల్మ్ మీద సగం సైజు దాకా చూపిస్తుంది. చాలా జూమ్‌ల మీద మాక్రో అని రాసి ఉన్నది నిజానికి కాస్త దగ్గరి ఫోకస్ మాత్రమే, ఇది అలాంటిది కాదు.

ఇక గ్లాస్ శుభ్రంగా ఉంటేనే అని మొదట్లో అన్నాను కదా. నాకు బాగా నష్టం చేసింది ఇదే. ఓసారి ఒక 35-70 కొన్నాను, ఏ కంపెనీదన్నది వదిలేద్దాం. బయట గీత లేదు, రింగులు వెన్నలా తిరుగుతున్నాయి, కిటికీ వైపు పెట్టి చూస్తే అద్దంలా ఉంది. చుట్టాల పిల్ల ఫోటోలు కిటికీ వెలుగులో ఒక రోల్ మొత్తం తీశాను. నెగటివ్‌లు వచ్చాయి, ఒక్కదాంట్లో నలుపు నలుపుగా లేదు. అంతా పెరుగు కలిపిన నీళ్ళలా ఉంది. డెవలప్ చేసినాయన మీద ఎగిరాను, కెమికల్ పాతదై ఉంటుందని. ఆయన ఏమీ అనలేదు. నా లెన్స్ తీసుకుని, అపెర్చర్ తెరిచి, వెనక నుంచి చిన్న టార్చ్ వేసి ముందువైపు నుంచి వాలుగా చూడమన్నాడు. లోపలి గాజు ఒకటి పొద్దున్నే మంచు పట్టిన అద్దంలా తెల్లగా మెరిసింది. క్షమించమని అడిగి, డబ్బులిచ్చి వచ్చేశాను.

జూమ్‌లో ప్రైమ్ కంటే గాజులు ఎక్కువ, గాజుల మధ్య ఖాళీలు ఎక్కువ, అవి కదులుతుంటాయి కాబట్టి గాలి, తేమ, గ్రీజు ఆవిరి లోపలికి చేరే దారులూ ఎక్కువ. అందుకే టార్చ్ లేకుండా జూమ్ కొనకండి. ఎదురు వెలుగులో కాదు, వాలు వెలుగులో చూడాలి, జూమ్ రెండు చివరలా చూడాలి. ఒకచోట కనబడని హేజ్ ఇంకోచోట కనబడుతుంది. సాలెగూడు పోగుల్లా ఉంటే ఫంగస్, అది వద్దు. సమానంగా పొగ పట్టినట్టుంటే హేజ్, మంచి రిపేరు మనిషి తెలిసి ఉంటే తప్ప అదీ వద్దు. అంచు నుంచి లోపలికి ఇంద్రధనుస్సు రంగుల్లో మరక పాకుతుంటే రెండు గాజులు అతికించిన జిగురు విడిపోతోంది, దాని జోలికి అసలు పోవద్దు. దుమ్ము రేణువులు పదో ఇరవయ్యో ఉంటే ఉండనీయండి, ఫోటోలో వాటి జాడ ఉండదు. అపెర్చర్ రెక్కలకి నూనె అంటితే అవి నెమ్మదిగా మూసుకుంటాయి, ఎక్స్‌పోజర్ ఎక్కువైపోతుంది. వెనక చిన్న లివర్‌ని వేలితో కదిపి వదిలితే రెక్కలు టప్పున కొట్టుకోవాలి, సాగకూడదు.

జూమ్ పద్ధతి రెండు రకాలు. ఒకే పెద్ద రింగ్‌ని ముందుకీ వెనక్కీ లాగితే జూమ్, తిప్పితే ఫోకస్ ఒక రకం. వేర్వేరు రింగులు ఇంకో రకం. మొదటిది చేతికి త్వరగా అలవాటవుతుంది, కానీ వయసు మీద పడ్డాక వదులై, కెమెరా కిందికి వంచితే దానంతటదే జారుతుంది. ఆ జారుడు లెన్స్ ఆరోగ్య సమస్య కాదు, మనకి చిరాకు సమస్య. ఇంకొకటి, ఫోకస్ చేస్తుంటే లెన్స్ ముందు భాగం తిరుగుతుందేమో చూడండి. తిరిగితే పోలరైజర్ (మెరుపులు తగ్గించడానికి తిప్పి సరిచేసుకునే ఫిల్టర్) కూడా దానితో తిరుగుతుంది. అలాంటి లెన్స్ అయితే ముందు ఫోకస్, తర్వాత పోలరైజర్.

అసలైన జూమ్‌కి ఇంకో సౌలభ్యం ఉంది, ఆ చీకటి వ్యూఫైండర్ బాధకి అది సగం మందు. 70కి తిప్పి, పెద్దగా కనబడే ముఖం మీద ఫోకస్ చేసి, మళ్ళీ 35కి వెనక్కి వచ్చి ఫ్రేమ్ కట్టుకోవచ్చు, ఫోకస్ నిలుస్తుంది. అన్నీ అలా ఉండవు. వివిటార్ సిరీస్ 1 35-85 ఎఫ్/2.8 వేరిఫోకల్, జూమ్ మారితే ఫోకస్ మళ్ళీ చేయాల్సిందే. మీరు చూసే లెన్స్ ఏ రకమో తేల్చడానికి 70 దగ్గర దూరపు గుర్తు మీద ఫోకస్ చేసి 35కి వచ్చి చూడండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి ఉంచే చూడాలి, లేకపోతే తేడా దాక్కుంటుంది.

మీరు అడిగిన షార్ప్‌నెస్‌కి ఇప్పుడు వస్తాను, త్వరగానే ముగుస్తుంది. 400 ఫిల్మ్ మీద, ఎఫ్/8 దగ్గర, ఈ మూడు లెన్సులతో తీసిన ఫోటోలు మామూలు సైజు ప్రింట్‌లో పక్కపక్కన పెడితే నేను విడదీసి చెప్పలేను. తేడా తెలిసేది పూర్తిగా తెరిచినప్పుడు మూలల్లో, ఎదురు వెలుగులో కాంట్రాస్ట్‌లో, గీతల వంకరలో. నమ్మకం లేకపోతే ఒక రోల్ దీనికే కేటాయించండి. ట్రైపాడ్, కేబుల్ రిలీజ్, కిటికీలున్న పెద్ద గోడ ఎదురుగా. 35, 50, 70 మూడుచోట్లా పూర్తి అపెర్చర్ ఒకటి, ఎఫ్/5.6 ఒకటి, ఎఫ్/8 ఒకటి. తర్వాత మీ 50తో అవే. ఫ్రేమ్ నంబర్, సెట్టింగ్ కాగితం మీద రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకుంటే ఉండదు. చివర మిగిలిన ఫ్రేములు సూర్యుడు ఫ్రేమ్‌కి కొంచెం బయట ఉండేలా తీయండి. లెన్స్ గురించి నిజం చెప్పేది ఎక్కువసార్లు ఆ ఆఖరి నాలుగైదు ఫ్రేములే.

ఆ 35-70ని ఇంకా చూసి రాలేదు కదా. వెళ్ళేటప్పుడు మీ బాడీ, టార్చ్ వెంట తీసుకెళ్ళండి. లెన్స్ తగిలించి, 70కి తిప్పి, ఆ గదిలో అన్నిటికంటే చీకటిగా ఉన్న మూలకి పెట్టి స్ప్లిట్ ఇమేజ్‌లో ఒక నిలువు గీతని కలపడానికి ప్రయత్నించండి. అమ్మేవాళ్ళు వాకిట్లోకి తీసుకెళ్ళి ఎండలో చూడమంటారు. ముందు మూలలో చూసి, తర్వాత వాకిట్లోకి వెళ్ళండి.